కుండీమొక్కకు ఎన్నాళ్ళకొక తడి? – అనంతపురం మెట్టసేద్యపు పదజాలం ఆధారంగా ఒక వివరణ

వ్యాససంగ్రహం

ఆరుబయట కుండీల్లో పెంచే మొక్కలకు ఎన్ని రోజులకొకసారి నీరు పోయాలన్న ప్రశ్నకు సాధారణంగా రోజుల లెక్కలోనే సమాధానం చెబుతుంటారు. అనంతపురం వంటి మెట్టప్రాంతంలో ఆ లెక్క ఎందుకు తప్పుతుందో ఈ వ్యాసం వివరిస్తుంది. స్థానిక సేద్య వ్యవహారంలోని 'తడి', 'పదును', 'ఆరుతడి' అనే మాటలు రోజులకు బదులు మట్టి స్థితిని కొలిచే పద్ధతిని సూచిస్తాయి. ఆ పద్ధతిని కుండీకి అన్వయించి, నీటి పరిమాణం, గాలి, ఉప్పు అనే అంశాలను ఇందులో పరిశీలించడం జరిగింది.

కీలకపదాలు: తడి, పదును, ఆరుతడి, ఆలవాలం, కుండీమొక్కలు, అనంతపురం, మెట్టసేద్యం.

1. ప్రస్తావన

నేను పనిచేసే కళాశాలలో తెలుగు శాఖ వరండా ముందు ఇరవైనాలుగు కుండీలున్నాయి. మూడేళ్ళ క్రితం వాటి సంరక్షణ బాధ్యత నాకు అప్పగించారు. అధ్యాపకుడికి తెలిసిన మొదటి ఉపాయం పట్టిక వేయడం కనుక, 'ప్రతి కుండీకి రోజూ ఉదయం ఒక మగ్గు' అని రాసి గోడకు అంటించాను. డిసెంబరులో తులసి ఆకులు పచ్చబడి రాలాయి, వేళ్ళు కుళ్ళాయి. తరువాతి జూన్‌లో, అదే మగ్గు అదే వేళకు అందుతుండగానే, మల్లె కొమ్మలు ఎండాయి. పట్టికలో లోపం లేదు. దానిని తు.చ. తప్పకుండా అమలు చేశారు. మొక్కలు చావడానికి కారణం కూడా అదే.

తోటపని చేసే ఆమె దగ్గరి పల్లె నుండి వస్తుంది. నేను పట్టిక చూపినప్పుడు ఆమె ఏమీ అనలేదు. ఒకరోజు మాత్రం కుండీ అంచును కాలితో కొద్దిగా కదిపి, "ఈ పొద్దు వద్దులే సార్, ఇంగా పదునుంది" అంది. నేను అప్పటివరకు 'పదును' అనే మాటను పొలానికే పరిమితమని అనుకునేవాడిని. జానెడు వెడల్పున్న కుండీలోని మట్టికి కూడా ఆమె ఆ మాటను వాడింది. ఈ వ్యాసానికి ప్రేరణ ఆ వాక్యమే.

అనంతపురం వార్షిక సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. పట్టణంలో చాలా ఇళ్ళకు కుళాయి నీరు వంతుల వారీగా వస్తుంది. వేసవిలో ట్యాంకర్ల కోసం ఎదురుచూసే వీధులున్నాయి. అటువంటి చోట మిద్దె మీద మొక్కకు ఎక్కువైన మగ్గు వంటింట్లో తగ్గిన మగ్గే. అందువల్ల ఈ ప్రశ్నను అభిరుచికి సంబంధించిన చిన్న విషయంగా తీసివేయలేం.

2. తడి, పదును, ఆరుతడి

తెలుగులో మొక్కకు నీరిచ్చే క్రియలు చాలా ఉన్నాయి. పోయడం, పెట్టడం, కట్టడం, పారించడం, తడపడం, చల్లడం, చిలకరించడం ఒకే పనికి పర్యాయపదాలు కావు. నీళ్ళు 'కట్టడం' అంటే కాలువ మళ్ళించి మడి నింపడం. 'చిలకరించడం' ఆకుల వరకే చాలుతుంది, వేరుకు చేరదు. కుండీల విషయంలో మనం 'పోయడం' అనే ఒక్క క్రియతో సరిపెట్టుకుంటున్నాం. అది చేసే మనిషి పనిని చెబుతుందే గాని మట్టికి ఏం జరిగిందో చెప్పదు.

'తడి' అలా కాదు. సేద్యంలో అది లెక్కకు అందే నామవాచకం: మొదటి తడి, రెండో తడి, పూతకు ఒక తడి, ఊడదిగేటప్పుడు ఒక తడి. వేరుశనగ రైతు "ఇంకొక తడి ఇస్తే గట్టెక్కుతుంది" అన్నప్పుడు, వేరు ఉన్నంత లోతు మట్టి ఒకసారి పూర్తిగా నానడాన్ని ఒక ప్రమాణంగా తీసుకుంటున్నాడు. అరకొరగా తడిపినదాన్ని తడిగా లెక్కించడు. కుండీ పైన అంగుళం మట్టి నలుపెక్కేలా రోజూ పోసే అరమగ్గు ఈ లెక్కలో తడి కిందకు రాదు. పైపై నీటికి అలవాటుపడిన వేళ్ళు పైపొరలోనే అల్లుకుంటాయి. ఎండ ముందుగా తాకేది ఆ పొరనే.

'పదును' మరింత సూక్ష్మమైన మాట. నిఘంటువుల్లో ఈ పదానికి వాడి, చెమ్మ అనే రెండర్థాలు పక్కపక్కనే కనిపిస్తాయి. కమ్మరి కొడవలికి పదును పెట్టేటప్పుడు కాల్చిన ఇనుమును నీటిలో ముంచడం గుర్తుచేసుకుంటే ఆ రెండింటి మధ్య దూరం అంత ఎక్కువేమీ అనిపించదు. సేద్యంలో పదును అంటే కేవలం తేమ ఉండడం కాదు, పనికి తగినంత ఉండడం. బురదగా ఉంటే పదును ఇంకా రాలేదు. పొడిబారితే పదును ఆరిపోయింది. జానెడు పదును, మూరెడు పదును అని లోతుతో కలిపి చెప్పడమూ ఉంది. వాన పడి ఎన్ని రోజులైందన్నది రైతుకు రెండో ప్రశ్న. పిడికెడు మట్టి తీసి నొక్కి చూడడం మొదటిది.

'ఆరుతడి' విషయంలో విద్యార్థులు తరచు పొరబడతారు. ఆరుసార్లు తడిపే పంట అని ఒక పరిశోధక విద్యార్థి నా ముందే వివరించాడు. 'ఎండు' అనే అర్థమిచ్చే ఆఱు, సంఖ్యావాచకమైన ఆఱు రెండూ పాత రాతలో బండి ఱతోనే ఉండడం వల్ల వర్ణక్రమం ఇక్కడ సాయపడదు, వ్యవహారమే తేల్చాలి. వేరుశనగ, జొన్న, మొక్కజొన్న వంటి ఆరుతడి పంటలకు వరికి వలె నీరు నిలగట్టరు. తడిపి, ఆరనిచ్చి, మళ్ళీ తడుపుతారు. ఎన్ని తడులన్నది నేలను బట్టి, కాలాన్ని బట్టి మారుతుంది కనుక 'ఆరు' అనే సంఖ్యకు అక్కడ చోటు లేదు. కుండీమొక్కలకు నీరెప్పుడు ఇవ్వాలో ఈ సమాసం రెండు మాటల్లో చెబుతోంది: ఆరాక తడి.

ఇలాంటి వృత్తిపదాల విలువ మన భాషాశాస్త్రానికి కొత్తది కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రచురించిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలదే. ఆ పదాలను మనం ఎక్కువగా ధ్వనుల మార్పుకు, ప్రాంతభేదాలకు ఉదాహరణలుగా చదువుతున్నాం. వాటిలో దాగిన కొలతలను చదవడం తక్కువ.

3. కుండీలో నీటి లెక్క

ఆరడం అంటే ఎంత ఆరడం? ఇక్కడ కొంత అంకగణితం తప్పదు. ఒక చదరపు మీటరు మేర మీద ఒక మిల్లీమీటరు నీరు అంటే ఒక లీటరు. ముప్పై సెంటీమీటర్ల మూతి ఉన్న పన్నెండంగుళాల కుండీ వైశాల్యం 0.07 చదరపు మీటర్లు. వేసవిలో మట్టి, ఆకులు కలిసి రోజుకు 8 మిల్లీమీటర్లు ఆవిరిచేస్తాయని అనుకుందాం. మొక్క గుబురు మూతి మేరకే ఉంటే, అది రోజుకు అర లీటరు కంటే కొంచెం ఎక్కువ.

ఆ కుండీలో సుమారు 12 లీటర్ల మట్టి పడుతుంది. ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపిన మిశ్రమంలో వేళ్ళు పీల్చుకోగలిగే నీరు ఘనపరిమాణంలో పన్నెండు శాతం అనుకుంటే అది లీటరున్నరకు కాస్త తక్కువ. అదంతా అయిపోయేదాకా ఆగితే మొక్క వడలిపోతుంది కనుక సగం ఖర్చయినప్పుడే తడి ఇవ్వడం మేలు. అంటే మే నెలలో ఒక రోజు దాటి కొద్దిసేపటికే మళ్ళీ తడి కావాలి. డిసెంబరులో ఆవిరి రోజుకు 4 మిల్లీమీటర్లకు తగ్గితే అదే కుండీకి రెండున్నర రోజులు పడుతుంది. రెండు సందర్భాల్లోనూ పోయవలసినది ముప్పావు లీటరే, అడుగున కాస్త కారడానికి మరికొంత; మొత్తం ఒక మగ్గు లోపే. నా పట్టికలో మగ్గు సరైనదే, 'రోజూ' అన్న మాటే తప్పు.

అయితే కుండీ మూతిని చూసి లెక్కకట్టడం అన్నిసార్లూ కుదరదు. ఎనిమిదంగుళాల కుండీలో గుబురు ముప్పై సెంటీమీటర్లకు విస్తరిస్తే అది పన్నెండంగుళాల కుండీలోని మొక్క తాగినంతా తాగుతుంది, మట్టి మాత్రం మూడోవంతే. అలాంటి మొక్కకు మేలో ఉదయం, సాయంత్రం రెండు తడులు కావాలి, లేదా పెద్ద కుండీకి మార్చాలి. రెండోదే చవక. పెద్ద డ్రమ్మును సగానికి కోసి 90 లీటర్ల మట్టి నింపి పెంచిన నిమ్మచెట్టు, గుబురు అరవై సెంటీమీటర్లున్నా, పై లెక్క ప్రకారం వేసవిలో కూడా రెండు రోజులకు పైగా ఓర్చుకుంటుంది. నీటి ఎద్దడి ఉన్న ఊరిలో పది చిన్న కుండీల కన్నా రెండు పెద్ద తొట్లు తెలివైన ఎంపిక అని నా అభిప్రాయం.

కుండీ దేనితో చేసిందన్నదీ లెక్కలోకి వస్తుంది. కూజాలో నీరు చల్లబడడానికి కారణమైన గోడల చెమర్పే మట్టికుండీని త్వరగా ఆరబెడుతుంది. ప్లాస్టిక్ కుండీకి ఆ నష్టం లేదు గాని, నల్లని నర్సరీ సంచులు ఎండకు వేడెక్కి పక్కవేళ్ళను మాడుస్తాయి. మిద్దె కాంక్రీటు మీద నేరుగా పెట్టిన కుండీకి కింది నుండి కూడా సెగ తగులుతుంది. కుండీలను ఇటుకల మీద ఎత్తి, దగ్గరదగ్గరగా చేర్చి, పడమటి వైపు పెద్దవాటిని నిలపడం వల్ల ఆరడం నెమ్మదిస్తుంది. మట్టి మీద రెండు వేళ్ళ మందాన చెనిక్కాయల పొట్టు పరిస్తే మట్టి నుండి నేరుగా పోయే ఆవిరి తగ్గుతుంది. ఈ జిల్లాలో పొట్టుకు కొదవ లేదు.

లెక్క దారి చూపుతుంది గాని ప్రతి ఉదయం లెక్కకట్టి నీరు పోసేవారుండరు. పరీక్ష చేతితోనే. వేలిని రెండు కణుపుల లోతు దించితే చెమ్మ తగలాలి. పుల్ల గుచ్చి తీస్తే మట్టి అంటుకొని రావాలి. కుండీ ఎత్తగలిగినదైతే, నిండా తడిపిన రోజు ఒకసారి ఎత్తి ఆ బరువును చేతికి గుర్తు చేయాలి. తోటమ్మ కాలితో కదపడం దీనికి వచ్చిన వేగవంతమైన రూపం.

ఆకును చూసి నిర్ణయించడంలో మాత్రం పెద్ద ప్రమాదముంది. నీరు లేక వడలిన మొక్క, నీరెక్కువై వేళ్ళకు గాలి అందక వడలిన మొక్క పైకి ఒకేలా కనిపిస్తాయి. రెండోదానికి మళ్ళీ నీరు పోసేవారే ఎక్కువ. ఏప్రిల్ మధ్యాహ్నం మందారం ఆకులు వేలాడదీసినా మట్టి చెమ్మగానే ఉండవచ్చు, సాయంత్రానికి అదే నిక్కుతుంది. ఉదయం కూడా ఆకులు వాలి ఉంటేనే అనుమానించాలి, అప్పుడు కూడా ముందు మట్టినే చూడాలి.

4. ఆషాఢపు గాలి

పత్రికల్లో వచ్చే తోటల శీర్షికలు వేసవి, వానాకాలం, చలికాలం అని మూడు భాగాలు చేసి, వానాకాలంలో నీరు తగ్గించమంటాయి. కోస్తాలో అది సరైన సలహానే. అనంతపురానికి సరిపోదు. పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉన్న ఈ పీఠభూమి మీదకు జూన్ నుండి ఆగస్టు వరకు నైరుతి గాలి వస్తుంది, వాన మాత్రం అంతగా రాదు. వానలు అత్యధికంగా పడేది సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో. రామగిరి గుట్టల మీద, బెళుగుప్ప, ఉరవకొండ ప్రాంతాల్లో గాలిమరలు నిలబెట్టింది ఈ గాలిని నమ్ముకొనే.

1948లో హోవర్డ్ పెన్‌మన్ నీటి ఆవిరిని అంచనా వేయడానికి రూపొందించిన సమీకరణంలో సూర్యరశ్మి, ఉష్ణోగ్రత, గాలిలోని తేమ, గాలివేగం నాలుగూ ఉన్నాయి. మనం మొదటి రెండింటినే గమనిస్తాం. జూలైలో ఎండ తగ్గి మబ్బు పట్టగానే మొక్కకు చల్లగా ఉందనుకుంటాం. ఆకు చుట్టూ చేరిన చెమ్మగాలిని పొడిగాలి ఎప్పటికప్పుడు ఊడ్చుకుపోతుంటే ఆవిరి మనం అనుకున్నంతగా తగ్గదు. మా మల్లె ఎండింది మేలో కాదు, జూన్‌లో. దానికి కారణం ఇదే.

తుంపర మరో భ్రమ కలిగిస్తుంది. 5 మిల్లీమీటర్ల వాన పడితే వీధి తడుస్తుంది, ఆకులు మెరుస్తాయి, 'ఈ రోజుకు నీళ్ళక్కర్లేదు' అనిపిస్తుంది. పన్నెండంగుళాల కుండీ మూతిలో ఆ వాన వల్ల చేరేది 350 మిల్లీలీటర్లు, అంటే పైన చెప్పిన తడిలో సగం. గుబురు మొక్కయితే ఆకులు ఆ నీటిని కుండీ బయటికి జారవిడుస్తాయి కనుక అదీ అందదు. గోడవారన, చూరు కింద ఉన్నవాటికి అసలే లేదు. వాన తరువాత కూడా వేలు దించి చూడవలసిందే.

సెప్టెంబరులో పరిస్థితి తలకిందులవుతుంది. రెండు మూడు రోజుల ముసురులో కుండీ అడుగు రంధ్రం మూసుకుపోయిందా అని చూడడమే ముఖ్యం. కింద పెట్టే పళ్ళేలలో నీరు వారం పాటు కదలకుండా ఉంటే డెంగీ దోమకు సరిపోతుంది. పళ్ళెం తీసేయడం ఉత్తమం.

మొక్క జాతిని బట్టి పదును మారుతుందని వేరే చెప్పనక్కర లేదు. కలబంద పూర్తిగా ఆరనివ్వమంటుంది, కరివేపాకు సగం ఆరినా ఓర్చుకుంటుంది, కనకాంబరం అంత ఓర్వదు. కొన్నిసార్లు ఆరబెట్టడమే సేద్యం. కదిరి ప్రాంతం మల్లెలకు పేరు; మల్లె రైతులు చలికాలంలో నీరు ఆపి, ఆకు రాలనిచ్చి, కొమ్మలు కత్తిరించి, ఆపైన తడి ఇచ్చి కొత్త చిగురుతో మొగ్గ రప్పిస్తారు. మిద్దె మీది మల్లెకు జాలిపడి డిసెంబరులోనూ క్రమం తప్పక నీరు పోస్తే ఆకులు బాగుంటాయి, పూలే తగ్గుతాయి.

5. ఉప్పు

ఈ ప్రాంతపు బోరునీటిలో లవణాలు, చాలాచోట్ల ఫ్లోరైడ్ ఎక్కువ. 1990ల మధ్యలో సత్యసాయి తాగునీటి పథకం వందలాది గ్రామాలకు చేరడానికి ఉన్న కారణాల్లో ఫ్లోరైడ్ ఒకటి. పొలంలో ఉప్పును వాన లోతుకు దింపుతుంది. కుండీలో అలాంటి లోతు లేదు. పోసిన నీరు ఆవిరవుతుంది, ఉప్పు మిగులుతుంది. మట్టికుండీ గోడల మీద తెల్లని పొర, ఆకుల చివర గోధుమరంగు మాడు దీని గుర్తులు. డ్రసీనా, స్పైడర్ మొక్కల ఆకుకొసలు ఫ్లోరైడ్‌కు ముందుగా మాడతాయి.

అందుకే నీటి పొదుపు పేరుతో కొద్దికొద్దిగా పోయడం ఇక్కడ ఎదురుతిరుగుతుంది. ఇచ్చిన ప్రతి తడిలో కొంత అడుగు రంధ్రం నుండి బయటకు రావాలి. ఉప్పు పోయే దారి అదొక్కటే. ఆర్ఓ యంత్రం వదిలే నీటిని కుండీలకు మళ్ళించే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది. వృథా కాకూడదన్న ఉద్దేశం మంచిదే. కాని, శుద్ధిచేసిన నీటి నుండి వేరుపడిన లవణాలన్నీ ఆ నీటిలోనే చిక్కబడి ఉంటాయి. దానిని నేల కడగడానికి వాడుకొని, బియ్యం కడిగిన నీళ్ళు, ఏసీ నుండి కారే నీరు మొక్కలకు ఇవ్వడం మేలు. ముసురు రోజుల్లో కుండీలను వాన కిందికి జరిపితే ఏడాది ఉప్పు ఒక వారంలో కడుక్కుపోతుంది.

6. ఆలవాలం

సద్గుణాలకు ఆలవాలం, విద్యలకు ఆలవాలం అని మనం ఉపన్యాసాల్లో వాడే మాటకు మూలార్థం చెట్టు మొదట్లో నీరు నిలవడానికి కట్టిన పాదు. శాకుంతలం మొదటి అంకంలో మునికన్యలు నింపేది ఆ ఆలవాలాలనే. ఇప్పుడు నీరు ఇంకిపోయి 'నిలయం' అనే అర్థం మాత్రమే ఆ పదంలో మిగిలింది.

మిద్దెతోటల్లో కూడా ఆ పాదు కనిపించదు. మట్టిని కుండీ అంచు వరకు నింపేస్తారు. పోసిన నీరు అంచు దాటి కారిపోతుంది, పోసినవారు తడి ఇచ్చామనుకుంటారు. అంచుకు కింద రెండంగుళాలు ఖాళీ ఉంచితే, పన్నెండంగుళాల కుండీలో అది మూడు లీటర్లకు పైగా నీరు నిలిచే ఆలవాలమవుతుంది.

బాగా ఎండిన ఎర్రమట్టితో మరో చిక్కు ఉంది. అది గట్టిపడి కుండీ గోడ నుండి విడివడుతుంది. పోసిన నీరు ఆ సందులో జారి క్షణంలో అడుగున కారుతుంది. అడుగున నీరు కనిపించింది కదా అని ఆగితే లోపలి ముద్ద పొడిగానే ఉంటుంది. ఎండిన కొబ్బరిపొట్టు మిశ్రమం కూడా నీటిని వెంటనే పీల్చదు. సగం మగ్గు పోసి, పది నిమిషాలాగి, మిగతా సగం పోయాలి. మరీ ఎండితే కుండీని బకెట్ నీటిలో అరగంట కూర్చోబెట్టాలి. అడుగున గులకరాళ్ళు పరిస్తే నీరు బాగా దిగుతుందన్న నమ్మకం బలంగా ఉంది. నిజానికి సన్నని మట్టి తన చెమ్మను కింది పెద్ద సందుల్లోకి సులభంగా వదలదు. చిత్తడి పొర రాళ్ళపైకి జరుగుతుందంతే, వేళ్ళకు చోటు తగ్గుతుంది. రంధ్రం మీద ఒక పెంకు చాలు.

7. సెలవుల్లో

సంక్రాంతి సెలవులకు ఎనిమిది రోజులు ఎవరూ ఉండరని తెలిసినప్పుడు ఒక పాత పద్ధతిని ప్రయత్నించాం. మెరుగు పూయని మట్టిముంతను మొక్క పక్కన మెడవరకు పాతి, నీటితో నింపి, మూత పెట్టడం. క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దం నాటి ఫాన్ షెంగ్‌జీ అనే చైనా రచయిత సేద్యగ్రంథంలోనే ఈ పద్ధతి ఉంది. చుట్టూ మట్టి ఆరినప్పుడు ముంత గోడ గుండా నీరు వేగంగా ఊరుతుంది, చెమ్మగా ఉన్నప్పుడు నెమ్మదిస్తుంది. మనం వేలితో చూసే పదును అక్కడ ముంతే చూసుకుంటుంది.

లీటరున్నర పట్టే ముంతలు ఆరు కొని, పెద్ద కుండీల్లో పాతి, అన్నింటినీ వరండా నీడలోకి జరిపాం. తిరిగివచ్చేసరికి ఐదు ముంతలు దాదాపు ఖాళీ అయ్యాయి, ఆ ఐదు మొక్కలూ బాగున్నాయి. ఆరో ముంతలో నీరు సగానికి పైగా అలాగే ఉంది, దాని పక్కన క్రోటన్ మాత్రం ఎండిపోయింది. తవ్వి తీస్తే ముంత వెలుపల వేలికి గరుకుగా తగిలే తెల్లని పొర. అది అంతకుముందు ఏడాది పాటు ఎవరో బోరునీళ్ళకు వాడిన ముంత అని తోటమ్మ చెప్పింది. దానిని పీచుతో తోమి, రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, మళ్ళీ పాతాం.